గుడ్డి గుర్రానికి పళ్ళు తోమేవారు

ప్రయోజనం లేని పనిలో మునిగి తేలుతున్న మనిషిని చూసి పెద్దలు "గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నావా?" అని ఎగతాళి చేయడం తెలుగు పల్లెల్లో పరిపాటి. గుడ్డి గుర్రం సవారీకి పనికిరాదు. బండికి కట్టడానికి వీలుపడదు. అమ్మజూపితే కొనే నాథుడు ఉండడు. అటువంటి దానికి గడ్డి వేయడమే దండుగ అనుకునేచోట, కూర్చుని పళ్ళు తోమడం ఎంత దండుగో చెప్పనక్కరలేదు. సామెత పుట్టిన కాలంలో ఈ మాటకు ఎదురు చెప్పినవారు ఉండి ఉండరు.

అయితే సరిగ్గా ఆ పనినే నిత్యకృత్యంగా చేస్తున్నవారు నేడు ఉన్నారు. ముసలివి, కుంటివి, గుడ్డివి, యజమాని వదిలేసినవి అయిన గుర్రాలను చేరదీసి, వాటికి గడ్డి, నీరు, మందు, నీడ సమకూర్చే ఆశ్రయాలు దేశంలో పలుచోట్ల వెలిశాయి. సరిహద్దు పల్లెలకు బాగా పరిచయమైన కె.ఆర్.పురం పరిసరాలలోనూ అటువంటి సేవ సాగింది. ఆ ఆశ్రయాలలో రోజు ఎలా గడుస్తుంది, అక్కడ పనిచేసేవారికి దక్కేదేమిటి, పల్లె కుటుంబాలకు దానితో పనేమిటి అన్నది తెలుసుకోదగిన విషయం.

కె.ఆర్.పురం దారిలో

చిత్తూరు, పలమనేరు నుండి ముళబాగిలు, కోలారు, హోసకోటె మీదుగా బెంగళూరుకు వెళ్ళే బస్సు నగరంలో అడుగుపెట్టేది కృష్ణరాజపురం దగ్గరే. కుప్పం, బంగారుపేట మీదుగా వెళ్ళే రైలు కూడా అక్కడ ఆగుతుంది. కూలికి, చదువుకు, ఆసుపత్రికి బయలుదేరిన సరిహద్దు జనం బస్సు దిగి తెలుగులో దారి అడిగినా బదులు దొరికే ఊరు అది. 2003లో రైలుమార్గం మీద తీగల వంతెన వచ్చింది, 2023లో మెట్రో రైలు వచ్చింది. ఒకప్పటి చెరువుల ఊరు నగరంలో కలిసిపోయింది.

ఆ కె.ఆర్.పురానికి సమీపాన, కల్కెరె వైపున కె.చన్నసంద్ర అనే గ్రామం ఉంది. బెంగళూరుకు చెందిన 'క్యూపా' అనే జంతు సంక్షేమ సంస్థ పెద్ద జంతువుల రక్షణ, పునరావాసం కొరకు ప్రత్యేకంగా ఒక కేంద్రాన్ని అక్కడే నెలకొల్పింది. కుక్కలకు, పిల్లులకు ఆశ్రయాలు నడపడం ఒక ఎత్తు, ఆవులు, గాడిదలు, గుర్రాల వంటి వాటిని చేరదీయడం మరొక ఎత్తు. మూడు వందల కిలోల బరువున్న ప్రాణి రోడ్డు మీద పడిపోతే ఎత్తడానికి మనుషులు, వాహనం, తాళ్ళు, నేర్పు అన్నీ కావాలి.

క్యూపా సంస్థను 1991లో స్థాపించినవారు క్రిస్టల్ రోజర్స్ అనే ఆంగ్ల మహిళ. ఆమె భారతదేశంలో ఈ పనికి పూనుకోవడానికి కారణం కూడా ఒక గుర్రమే కావడం విశేషం. 1959లో వేరొక దేశానికి వెళుతూ దారిలో ఢిల్లీలో ఆగిన ఆమెకు రోడ్డు పక్కన చావుబతుకుల మధ్య పడివున్న గుర్రం కనిపించింది. ప్రాణం ఉండగానే కాకులు దాని కళ్ళు పొడుస్తున్నాయి. జనం దాని పక్క నుండే నడిచిపోతున్నారు. ఆమె ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. ఢిల్లీలో ఒక ఆశ్రయాన్ని, 1980లో జయపూరులో మరొకదానిని నెలకొల్పి, చివరకు వృద్ధాప్యంలో బెంగళూరు చేరి క్యూపాకు పునాది వేశారు. 1996లో కన్నుమూశారు. కళ్ళు పోయిన ఒక గుర్రం చూపిన దారిలో మూడు నగరాలలో మూడు ఆశ్రయాలు ఏర్పడ్డాయని చెప్పవచ్చు.

గుర్రాలు వీధిన పడేది ఎందుకు?

నలభై ఏళ్ళు దాటినవారికి జట్కా బండ్లు గుర్తుండే ఉంటాయి. రైలు దిగితే స్టేషను బయట వరుసగా నిలిచిన జట్కాలు, గుర్రం మెడలో గంటలు, ముందు కట్టిన పచ్చగడ్డి మోపు. ఆటోలు వచ్చాక ఆ బండ్లు కనుమరుగయ్యాయి. 2012 పశుగణనలో దేశంలోని గుర్రాలు, పొట్టి గుర్రాల సంఖ్య సుమారు 6.25 లక్షలు. 2019 నాటికి అది సుమారు 3.42 లక్షలకు పడిపోయింది. ఏడేళ్ళలో దాదాపు సగం తగ్గింది.

బండి మూలపడితే యజమాని ఆటో కొనుక్కుంటాడు, లేదా వేరే పని వెతుక్కుంటాడు. గుర్రానికి ఆ అవకాశం లేదు. అది పాతికేళ్ళు, ఒక్కోసారి ముప్పై ఏళ్ళు బతికే ప్రాణి. పని చేయగలిగినది అందులో సగం కాలమే. మిగిలిన సగం ఎవరు పోషించాలన్న ప్రశ్నకు పేద యజమాని వద్ద జవాబు ఉండదు. పగలంతా గుర్రాన్ని వీధిలో వదిలి, అవసరమైనప్పుడు పట్టి తెచ్చుకోవడం, కాలు విరిగితే ఊరి బయట విడిచిపెట్టి రావడం అందువల్ల జరిగేవే.

పెళ్ళి ఊరేగింపుల గుర్రాల పరిస్థితీ ఇంతే. ముహూర్తాల రోజుల్లో బాణాసంచా మోతల మధ్య అర్ధరాత్రి వరకు నిలబడిన గుర్రానికి మూఢం వచ్చిందంటే కడుపు నిండా మేత దొరకడం కష్టమే. పందెపు గుర్రాలది మరొక కథ. రెండేళ్ళ వయసులో పరుగు మొదలుపెట్టిన గుర్రం చాలాసార్లు పదేళ్ళు నిండకుండానే విరమిస్తుంది. అదృష్టం ఉంటే సవారీ నేర్పే బడికి వెళుతుంది. లేకపోతే చేతులు మారుతూ మారుతూ, ఏ బండికో ఏ ఊరేగింపుకో చేరి, అక్కడి నుండి వీధికి వస్తుంది.

యజమానులందరూ క్రూరులని అనుకోవడం పొరపాటు. తాము పస్తులుండి గుర్రానికి ఉలవలు పెట్టిన జట్కావాలాలు ఎందరో ఉన్నారు. ముంబాయిలో విక్టోరియా గుర్రపు బండ్లు చట్టవిరుద్ధమని 2015 జూన్‌లో అక్కడి హైకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, బండ్లు నడిపేవారి బతుకు ఏమిటి, గుర్రాల బతుకు ఏమిటి అనే రెండు ప్రశ్నలూ కలిసే వచ్చాయి. ఒకదానికి జవాబు వెతకకుండా రెండవదానికి జవాబు దొరకదు.

ఆకలితో వచ్చిన గుర్రానికి కడుపు నిండా పెట్టరాదు

ఆశ్రయానికి కొత్తగా వచ్చే గుర్రం సాధారణంగా ఎముకల గూడులా ఉంటుంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. మూపు మీద జీను ఒరిసిన పుండు, నోటి మూలల్లో కళ్ళెం కోసిన గాయం, గిట్టల్లో మేకు, చర్మం మీద గజ్జి, చెవుల్లో గోమార్లు. గాయాల్లో పురుగులు పడి ఉండడమూ అరుదు కాదు.

అటువంటి ప్రాణిని చూడగానే ఎవరికైనా కలిగే ఆలోచన ఒక తట్టెడు దాణా ముందు పెట్టాలని. అదే దాని ప్రాణం తీయగలదు. చాలాకాలం పస్తులున్న గుర్రానికి ఒక్కసారిగా గింజలు పెడితే రక్తంలోని లవణాల సమతుల్యం తారుమారై, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిని, తిండి దొరికిన కొద్ది రోజులకే మరణించవచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జరిగిన పరిశోధనల్లో ఇటువంటి గుర్రాలకు లూసర్న్ గడ్డిని కొద్దికొద్దిగా, నాలుగేసి గంటలకు ఒకసారి ఇవ్వడం మేలని తేలింది. కన్నడ రైతులు ఇదే గడ్డిని 'కుదురె మసాలె' అంటారు. కుదురె అంటే గుర్రమే. పది రోజుల పాటు అలా మెల్లగా పెంచుకుంటూ పోవాలి. పూర్వపు బరువు తిరిగి రావడానికి మూడు నుండి ఐదు నెలలు పడుతుంది.

కనుక మొదటి వారంలో సేవకుడు చేయవలసింది ఆకలిగా చూస్తున్న కళ్ళ ముందు నుండి గడ్డి తీసి పక్కన పెట్టడం, రాత్రి పన్నెండు గంటలకు ఒకసారి, తెల్లవారుజామున నాలుగు గంటలకు మరొకసారి లేచి పిడికెడు పెట్టడం. దయకు కూడా కొలత ఉండాలని ఈ పని మొదట నేర్పే పాఠం. ఊళ్ళో పెళ్ళిళ్ళు, జాతరలు అయ్యాక మిగిలిన అన్నం, పులిహోర రోడ్డు పక్క పారబోస్తే వీధి పశువులు, గుర్రాలు తిని కడుపు ఉబ్బి చనిపోవడం లేదా కాళ్ళు పట్టేసి కుంటివి కావడం కూడా జరుగుతుంది.

తెల్లవారుజాము నుండి అర్ధరాత్రి వరకు

ఆశ్రయంలో రోజు చీకటితోనే మొదలవుతుంది. మొదటి పని మేత పెట్టడం కాదు, చూడడం. రాత్రి వేసిన గడ్డి తిన్నదా, పేడ వేసిందా, ఏ కాలు మీద బరువు వేయడం లేదు, ఏది మందకు దూరంగా నిలబడింది అని ఒక్కొక్కదానినీ పరికిస్తారు. గుర్రం మూలగదు, నొప్పి ఉన్నదని చెప్పదు. అడవిలో బలహీనత కనబరచిన గుర్రం పులికి ఆహారమయ్యేది గనుక నొప్పిని దాచుకోవడం దాని స్వభావం. చెవుల వంపు, ముక్కుపుటాల బిగింపు, కంటి మీది ముడత చూసి గ్రహించాలి. అనుమానం వస్తే నాడి, శ్వాస, ఉష్ణోగ్రత చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రం గుండె నిమిషానికి 28 నుండి 44 సార్లు కొట్టుకుంటుంది, 8 నుండి 16 సార్లు ఊపిరి పీలుస్తుంది. శరీర ఉష్ణోగ్రత 37.5 నుండి 38.5 డిగ్రీల వరకు ఉంటుంది.

అందరూ భయపడేది కడుపు శూలకు. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయినది ముందుకే పోవాలి. పేగు మడత పడినా, ప్లాస్టిక్ సంచి అడ్డుపడినా అది నేల మీద పడి దొర్లుతుంది, పొట్టవైపు తిరిగి తిరిగి చూస్తుంది. ఆ సమయంలో డాక్టరు వచ్చేవరకు కాపలా కాయవలసిందే. పేడ వేయని గుర్రం పక్కన రాత్రంతా జాగారం చేసినవారికి, తెల్లవారి అది పేడ వేసినప్పుడు కలిగే ఆనందం బయటివారికి చెబితే నవ్వుతారు.

చూడడం పూర్తయ్యాక లాయం శుభ్రం చేయడం. ఒక గుర్రం రోజుకు పదిహేను నుండి ఇరవై కిలోల పేడ వేస్తుంది. పది గుర్రాలుంటే తోడవలసినది ఎంతో లెక్క వేసుకోవచ్చు. పిదప నీరు. ఒక్కొక్కటి రోజుకు పాతిక నుండి నలభై లీటర్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద ఆధారపడే నగర శివార్లలో ఇది చిన్న విషయం కాదు.

మేత విషయంలో పల్లెవారికి తెలిసినదే ఇక్కడా పనికివస్తుంది. గుర్రం పొట్ట దాని ఒడ్డుకు చాలా చిన్నది. ఒక్కసారి నింపితే ప్రయోజనం లేదు. రోజంతా కొద్దికొద్దిగా మేయడం దాని ప్రకృతి. పచ్చగడ్డి, ఎండుగడ్డి ప్రధానం. ఉలవలు నానబెట్టి, ఉడికించి గుగ్గిళ్ళు చేసి కొద్దిగా ఇస్తారు. అనంతపురం, చిత్తూరు మెట్ట చేలల్లో పండే ఆ ఉలవలకు ఆంగ్లంలో ఉన్న పేరుకు అర్థమే గుర్రపు పప్పు.

ఎండ ముదరకముందే మాలీషు. ఇనుప దువ్వెనతో, పీచుతో ఒళ్ళంతా రుద్దుతారు. ఇది అందానికి చేసే పని అనుకుంటారు గాని, వాచినచోటు, కొత్త పుండు, వేడెక్కిన కీలు చేతికి తగిలేది అప్పుడే. తర్వాత నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటిగా ఎత్తించి గిట్టల లోపల ఇరుక్కున్న రాళ్ళు, మట్టి తీస్తారు. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు నుండి ఎనిమిది వారాలకు ఒకసారి లాడాలు కొట్టే పనివాడు వచ్చి చెక్కి సరిచేయాలి. ఆ విద్య తెలిసినవారు తగ్గిపోతున్నారు. బండ్లు పోవడంతో వారి కొలిమీ ఆరిపోయింది.

మధ్యాహ్నం కట్లు మార్చడం, మందులు ఇవ్వడం, కొత్త కబురు వస్తే వాహనం పంపడం. పెంపుడు జంతువుల్లో ధనుర్వాతానికి అతి సులభంగా లోబడేది గుర్రమే గనుక గాయంతో వచ్చినదానికి మొదట ఆ విషయమే చూస్తారు. జోరీగలు కుట్టడం వల్ల వచ్చే సర్రా జ్వరం, వాటి కాటు వల్ల పుండ్లు రాకుండా సాయంత్రం వేపాకు పొగ వేస్తారు. రాత్రి మరొకసారి మేత, మరొకసారి చూపు. పండుగ రోజు, వానరోజు, సమ్మె రోజు అన్న భేదం లేదు. కోవిడ్ వల్ల 2020లో లాక్‌డౌన్ విధించినప్పుడు కూడా ప్రాణులున్న ప్రతిచోటా మేత వేయవలసిన చేయి అక్కడ ఉండవలసి వచ్చింది.

పళ్ళు తోమడం వెనుక నిజం

ఇక సామెత సంగతి. గుర్రం పళ్ళు జీవితాంతం చిగురు నుండి పైకి వస్తూనే ఉంటాయి, ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. నమలడంలో అరిగిపోవడం వల్ల అవి సమంగా ఉంటాయి. కాని నమిలే తీరులో తేడా వస్తే పళ్ళ అంచులు కత్తుల్లా మొనదేరి బుగ్గలను, నాలుకను కోస్తాయి. అటువంటి గుర్రం గడ్డి నోట్లో పెట్టుకుని నమలలేక ఉండలుగా కింద పడేస్తుంది. ముందు మేత నిండుగా ఉన్నా చిక్కి శల్యమవుతుంది. అప్పుడు డాక్టరు నోటికి పట్టె బిగించి, పొడుగాటి ఆకురాయితో ఆ మొనలను రాచి నునుపు చేస్తాడు.

అంటే ముసలి గుర్రానికి, అందులోనూ చూపులేని గుర్రానికి పళ్ళు రాయడం దాని బతుకును నిలబెట్టే పని. ఏ పనిని వృథా ప్రయాసకు ఉపమానంగా చెప్పుకున్నారో, అదే దాని కడుపులోకి నాలుగు గడ్డి పరకలు దిగడానికి మార్గం అవుతున్నది.

చూపు పోయిన గుర్రం బతకగలదా అని చాలామంది సందేహపడతారు. కొరడా దెబ్బ వల్ల, కంటి లోపలి వాపు పదేపదే రావడం వల్ల గుర్రాలకు అంధత్వం వస్తుంది. మొదటి వారాలు కష్టమే. గోడకు కొట్టుకుంటుంది, అదిరిపడుతుంది. నీటి తొట్టి, మేత గాడి, ద్వారం ఎప్పుడూ ఒకేచోట ఉంచితే కొద్దికాలంలోనే అడుగుల లెక్కతో తిరగడం నేర్చుకుంటుంది. నెమ్మదైన ఒక గుర్రాన్నో గాడిదనో జత చేసి దాని మెడలో గంట కడితే, ఆ గంట చప్పుడే గుడ్డిదానికి కళ్ళవుతుంది. దగ్గరికి వెళ్ళేవారు ముందుగా పలకరించాలి. మాట వినబడకుండా చేయి వేయరాదు. ఈ నియమాలు పాటిస్తే అది ఏళ్ళ తరబడి ప్రశాంతంగా జీవించగలదు.

దక్కేదేమిటి?

జీతం స్వల్పం, శ్రమ అపారం, సెలవు లేదు. అయినా ఈ పనిలోకి వచ్చినవారు విడిచి వెళ్ళలేకపోవడానికి కారణం ఏమిటి? గుర్రం పరుగు, అందం అని బయటివారు అనుకుంటారు. ఆశ్రయంలోని గుర్రాలకు ఆ రెండూ సాధారణంగా ఉండవు.

దెబ్బలు తిన్న గుర్రం మనిషి చేయి లేవగానే తల వెనక్కి విసురుతుంది. ఎందుకంటే దానికి తెలిసిన చేయి కొట్టే చేయి. వారాల తరబడి అదే వేళకు, అదే గొంతుతో, అదే చేత్తో మేత పెట్టగా పెట్టగా ఒకనాడు తల విసరడం ఆగుతుంది. మరొకనాడు అడుగుల చప్పుడు వినగానే సన్నగా సకిలిస్తుంది. ఇంకొకనాడు మూపు గోకుతుంటే కళ్ళు సగం మూసి కింది పెదవి వేలాడవేస్తుంది. గుర్రాలు ఒకదానినొకటి గోక్కునే ఆ మూపు దగ్గర గోకితే వాటి గుండె వేగం తగ్గుతుందని 1993లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. మనిషి ముఖంలో కోపం చూసిన గుర్రం తర్వాత ఆ మనిషిని కలిసినప్పుడు ఆ సంగతి గుర్తుంచుకుని మసలుతుందని 2018లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. సైసులకు ఇది తరతరాలుగా తెలిసిన విషయమే.

అన్నిటికన్నా గొప్ప బహుమతి గుర్రం పడుకోవడం అంటే వింతగా తోస్తుంది. గుర్రం నిలబడి కునుకు తీయగలదు. కాని గాఢమైన స్వప్న నిద్రకు నేల మీద ఒరగవలసిందే. ఆపద లేదన్న నమ్మకం కుదిరితేనే ఒరుగుతుంది. వీధిలో బతికిన గుర్రం నెలల తరబడి అలా నిద్రపోయి ఉండదు. ఆశ్రయానికి వచ్చిన కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున అది కాళ్ళు చాచి, పక్కకు వాలి, గుర్రుపెడుతూ నిద్రపోతున్న దృశ్యం కంటపడితే, సేవకులు పేడ తట్ట దించి చప్పుడు చేయకుండా నిలబడిపోతారు. తమను నమ్మి ఒక ప్రాణి నిద్రపోయింది. దానికి మించిన యోగ్యతాపత్రం వారికి అవసరం లేదు.

ఇచ్చే చివరి దయ

ఈ సేవలో సంతోషం ఒక్కటే ఉంటుందని చెప్పడం నిజాయితీ కాదు. వచ్చినవన్నీ బతకవు. శరీర బరువులో దాదాపు సగం పోగొట్టుకుని, లేవలేక పడిపోయిన గుర్రం కోలుకోవడం కష్టం. కాలి పెద్ద ఎముక విరిగితే మనిషికి కట్టినట్టు కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టలేరు. నాలుగు కాళ్ళ మీద నిలవలేని గుర్రం పేగులు, ఊపిరితిత్తులు, మిగిలిన మూడు గిట్టలు చెడిపోతాయి. అప్పుడు డాక్టరు బాధ లేకుండా ప్రాణం తీసే సూది వేయవలసి వస్తుంది. బతికించే ఆశ లేనప్పుడు యాతన పొడిగించకుండా ఉండేందుకు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా అవకాశం కల్పించింది.

మరొక సందర్భం గ్లాండర్స్ వ్యాధి. ముక్కు నుండి చీము, చర్మం మీద గడ్డలు దీని లక్షణాలు. మనుషులకు కూడా సోకి ప్రాణాంతకం కాగలదు. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధనా కేంద్రంలో రక్తపరీక్షలో రుజువైతే, చట్టప్రకారం ఆ గుర్రానికి బాధ లేకుండా మరణం కలిగించి లోతుగా పాతిపెట్టవలసిందే. నెలల తరబడి సాకిన చేతులకు అది భరించరాని క్షణం.

ఈజిప్టులో ఈ విషయమై ఒక చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం అక్కడే అమ్మివేసిన వేల గుర్రాలు కైరో వీధుల్లో బండ్లు లాగుతూ కృశించిపోయాయి. 1930లో అక్కడికి వెళ్ళిన డొరోతీ బ్రూక్ వాటిని చూసి, 1931లో లండన్ పత్రికకు లేఖ రాసి, ప్రజలు పంపిన విరాళాలతో కొన్నేళ్ళలో దాదాపు 5,000 గుర్రాలను కొన్నారు. వాటిలో అధికభాగం కోలుకునే దశ దాటినవి. ఆమె వాటికి మెత్తటి గడ్డి పరుపు, కడుపు నిండా నీరు, కొన్ని రోజుల విశ్రాంతి ఇచ్చి, బాధలేని మరణం ప్రసాదించారు. 1934లో కైరోలో ఉచిత ఆసుపత్రి నెలకొల్పారు. బతికించలేకపోయినా చివరి రోజును మొత్తం జీవితంలోకెల్లా మంచి రోజుగా చేయవచ్చునన్నది ఆమె ఆచరణ చెప్పిన మాట. ఆశ్రయాల్లో పనిచేసేవారు దుఃఖాన్ని తట్టుకునేది ఈ ఒక్క ఊరట మీదనే.

మనుషులకే దిక్కులేనప్పుడు...

మనుషులే ఆకలితో అలమటిస్తుంటే పనికిరాని గుర్రాలకు ఖర్చెందుకు అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. సరిహద్దు పల్లెల్లో కరువు ఎరిగినవారికి ఆ ప్రశ్న అడిగే హక్కు మరీ ఉంది.

దీనికి జవాబు వేరుశనగ చేలలోనే దొరుకుతుంది. చీకట్లో నీళ్ళు కట్టడానికి వెళ్ళి పాముకాటుకు గురైనవారిని ఆసుపత్రికి తీసుకువెళితే ఎక్కించే మందు గుర్రం రక్తం నుండి తయారైనదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలను స్వల్ప మోతాదులో గుర్రాలకు ఎక్కిస్తారు. వాటి ఒంట్లో విషానికి విరుగుడు పుడుతుంది. ఆ రక్తం తీసి, విరుగుడును శుద్ధి చేసి సీసాల్లో నింపుతారు. మనదేశంలో పాముకాటు మందు తయారయ్యేది ఈ పద్ధతిలోనే. పాముకాటు నుండి బయటపడిన ప్రతి కుటుంబం ముఖం తెలియని ఏదో ఒక గుర్రానికి రుణపడి ఉన్నట్టే. ఆ గుర్రం కూడా ఒకనాడు ముసలిదవుతుంది.

తాతల కాలంలో పురిటి నొప్పుల తల్లిని పట్నం ఆసుపత్రికి చేర్చినది జట్కా గుర్రం. సంతకు సరుకు మోసినది గుర్రం. సేవ చేసినంతకాలం దాణా, సేవ ముగిశాక వీధి అన్నది ఇంట్లో పిల్లలు చూస్తుండగా జరిగితే, రేపు ముసలితనం గురించి వారు నేర్చుకునే పాఠం ఏమిటన్నది పెద్దలు ఆలోచించవలసిన సంగతి.

పల్లె కుటుంబాలు చేయదగినవి

గాయపడిన లేదా వదిలివేసిన గుర్రం కనిపిస్తే ముందుగా నీరు పెట్టాలి. కొద్దిగా గడ్డి వేయవచ్చు. అన్నం, ధాన్యం, రొట్టెలు పెట్టరాదు. వెనుకవైపు నుండి సమీపించరాదు. పక్క నుండి మాట్లాడుతూ వెళ్ళాలి. ముక్కు నుండి చీము కారుతుంటే, ఒంటిమీద గడ్డలుంటే పిల్లలను దగ్గరికి రానీయక, చేతులతో తాకకుండా పశువైద్యునికి కబురు చేయాలి. పశువుల సంచార వైద్య వాహనాల కొరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రాలలో 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

బండ్లకు, బరువులకు జంతువులను వాడేవారు 1965 నాటి నియమాలు తెలుసుకోవాలి. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటినచోట మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు పనిలో పెట్టరాదు. పొట్టి గుర్రంపై 70 కిలోలు, గాడిదపై 50 కిలోలు మించి మోపరాదు. ముళ్ళ కళ్ళెం నిషిద్ధం. పోషిస్తున్న జంతువును ఆకలిదప్పులతో బాధపడేలా అకారణంగా విడిచిపెట్టడం 1960 చట్టం ప్రకారం నేరం. అయితే మొదటిసారి నేరానికి ఆ చట్టంలోని జరిమానా పది నుండి యాభై రూపాయలు మాత్రమే. జంతువును చంపినా, అంగవికలం చేసినా 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారం ఐదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు.

పెళ్ళికి గుర్రాన్ని కుదుర్చుకునేవారు దాని మూపు, నోటి మూలలు, కాళ్ళు ఒకసారి చూసి, పుండ్లు ఉంటే వద్దనడం మంచిది. బేరం పోతుందన్న భయం చట్టం కన్నా త్వరగా పనిచేస్తుంది. గుర్రం కొనదలచినవారు దాని చివరి పదేళ్ళకు కూడా లెక్క వేసుకున్న తర్వాతే ముందడుగు వేయాలి. సాకలేని స్థితి వస్తే వీధిలో వదలకుండా పశువైద్యశాలనో, దగ్గరలోని జంతు సంక్షేమ సంస్థనో ముందుగానే సంప్రదించడం సిగ్గుపడవలసిన పని కాదు.

మేత మిగిలిన రైతు ఒక బండెడు గడ్డి ఇచ్చినా, లాడాలు కొట్టే విద్య తెలిసిన ముసలాయన ఒక కుర్రవానికి ఆ పని నేర్పినా ఆశ్రయాలకు అది డబ్బు కన్నా మిన్న. సరిహద్దు పల్లెల వద్ద ఈ రెండూ ఇంకా మిగిలి ఉన్నాయి. ఇకపై ఎవరైనా "గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నావా?" అని అడిగితే, "అవును, నమలలేక పస్తులుంటున్నది" అని బదులు చెప్పేవారు కొందరైనా ఉండాలి.